నోటి ఉపవాసం

గల్ఫ్ ఇళ్ళలో ఇల్లాలిని మామా అని పిలుస్తారని గోదావరి జిల్లాలో ఉన్న మా ఆయనకు ఎలా తెలుస్తుంది? ఎనభైల చివర్లో ఒమాన్ వచ్చిన కొత్తలో, ‘మామా నన్ను బాగా చూసుకుంటున్నారు, పండక్కి బట్టలు కూడా కొన్నారు’ అని ఇంటికి రాశాను. ఆ మామ ఎవరో తేల్చమని ఆయన వెళ్ళి మా అన్నయ్య మీద పడ్డాడు. సంగతి తెలిశాక మా వీధి వీధంతా నవ్విందట. ఈ ముచ్చట శుక్రవారం కూటంలో చెబితే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. పగలబడి నవ్వే వీలు లేదు మరి. మస్కట్ దగ్గర అల్ మవాలేలో, ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ ఫ్లాటులో కిటికీలు మూసుకుని చేసుకునే ప్రార్థన అది.

నేను ఆ పక్కనే ఉన్న అల్ ఖౌద్‌లో ఒక ఇంట్లో వంటా ఇంటిపనీ చేసేదాన్ని. శుక్రవారం మా మామా తన కారులోనే నన్ను నర్సమ్మ వీధి మలుపు దగ్గర దింపేది. వచ్చేవాళ్ళంతా నాలాంటివాళ్ళే, కడప వైపు వాళ్ళు కొందరు, మా గోదావరి వాళ్ళు కొందరు. చప్పట్లు లేకుండా, గొంతు తగ్గించి పాటలు పాడుకునేవాళ్ళం. బైబిలు వాక్యం చెప్పేది కడప నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఒమాన్‌లో మా అందరికంటే ముందు నుంచీ ఉన్న మనిషి కాబట్టి అందరికీ ఆవిడ పెద్దక్క. ఆవిడ మాట్లాడుతుంటే పసిపిల్లలకు చెప్పినట్టు ఉండేది, తప్పించుకోవడానికి సందు దొరికేది కాదు.

ప్రార్థన అయ్యాక భోజనాలు, భోజనాలయ్యాక మామాల కబుర్లు. ఎవరి మామా ఎలా తిట్టింది, ఎవరింట్లో ఏం జరిగింది, అన్నీ వచ్చేవి. ఇందులో నన్ను మించినవాళ్ళు లేరు. మా మామా ఫోను చెవికి ఆనించుకుని, తీగ ఎంత దూరం వస్తే అంత దూరం నడుస్తూ మాట్లాడే తీరు నేను చేసి చూపిస్తే నర్సమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడేది. వారమంతా తల వంచుకుని పనిచేసే మనుషులకు ఆ కాసేపే ప్రాణం లేచొచ్చేది.

పెద్దక్క పని మానేసి ఇంటికి వెళ్ళిపోయే రోజులు దగ్గరపడ్డాయి. ఆవిడ తర్వాత కూటంలో వాక్యం ఎవరు చెప్పాలన్నది తేలాలి. నాకు ఆ పరిచర్య కావాలి. మర్యాదకు ‘నేనెంతటిదాన్ని’ అనేదాన్ని గానీ, లోపల మాత్రం చాలా కావాలనే ఉండేది. పెళ్ళికి ముందు మా సంఘంలో పిల్లలకు కథలు చెప్పిన అలవాటుంది. జన్మలో నా మాట నలుగురు కూర్చుని శ్రద్ధగా విన్నది అప్పుడే. ఒమాన్‌లో నాకు ఎవరైనా ఏదైనా చెబితే అది పని పురమాయించడానికే.

ఒక శుక్రవారం పెద్దక్క నన్ను పక్కగదిలోకి పిలిచింది.

“నీకు మాట ఉండాది పాపా. దాన్ని ఆపుకునే గుణమే లేదు. నేను పొయ్యేలోపల నువ్వు నోటి ఉపవాసం ఉండాల.”

“అంటే ఏం చెయ్యాలండి అక్కా?”

“మీ ఇంటి మాట ఈ గడప లోపలికి తేబాకు. ఈ గడప లోపలి మాట మీ ఇంటికి మోయబాకు. దేవునికి ప్రత్యేకపడిన మనిషి నోరు కూడా ప్రత్యేకంగా ఉండాల గదా. అది నీ చేతనైతే ఈ వాక్యం పని నీదే.”

“అలాగేనండి,” అన్నాను. అన్నం మానేయమన్నా ఇంతకంటే సుళువుగా ఉండేదని ఆ సాయంత్రానికే అర్థమైంది.

పొద్దున్నే ఇంట్లోవాళ్ళు లేవకముందు స్టోరు గదిలో బియ్యం బస్తాల మధ్య మోకరించేదాన్ని. నన్ను శుద్ధి చెయ్యి, నా నోరు కట్టు అని అడిగేదాన్ని. నోరు కట్టినమాట నిజమే గానీ, లోపలున్న చిరాకంతా చేతుల్లోకి దిగింది. గిన్నెలు మోగేవి, అల్మరా తలుపులు దబదబ పడేవి. “ఈ ఇంట్లో పళ్ళేలు మనకంటే ఎక్కువ మాట్లాడుతున్నాయి,” అని మామా విసుక్కుంది. పరిశుద్ధత అంటే మనసు నెమ్మదిస్తుందని అనుకునేదాన్ని. నా విషయంలో మాత్రం మొదట దుమ్మంతా పైకి లేచింది.

శుక్రవారాలు ఇంకా కష్టమయ్యాయి. భోజనాలయ్యాక అందరూ నా వైపు చూసేవారు. నేను పళ్ళెం తీసుకుని వంటింట్లోకి లేచిపోయేదాన్ని. “ఇంకేం, ఈవిడగారు ఇప్పట్నించే పాస్టరు అయ్యగారైపోయారు,” అని మా గోదావరి వాళ్ళే ఎత్తిపొడిచారు. నాకు కోపం వచ్చింది. దాన్నీ మింగాను. మింగిన ప్రతిసారీ వాక్యం పనికి ఇంకొంచెం దగ్గరయ్యానని లెక్కేసుకునేదాన్ని. పెద్దక్క ఏమీ అనకపోయినా నన్ను గమనిస్తోందని తెలుసు.

ఆ రోజుల్లోనే మా జిల్లా పిల్ల ఒకతి కొత్తగా కూటానికి వచ్చింది. మా మామా తమ్ముడి ఇంట్లో పని. మాటకు ముందూ వెనకా ‘అండి’ పెట్టే నెమ్మది పిల్ల. రెండోసారి వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఆ పిల్ల చెంచా అడిగింది. నర్సమ్మ ఇచ్చింది. అందరూ పప్పన్నం కలుపుకుంటుంటే ఆ పిల్ల చెంచాతో తినడం చూసి పక్కనున్నావిడ “దొరసానమ్మ వచ్చిందే” అంది. పిల్ల నవ్వి ఊరుకుంది. నేను అంత తేలిగ్గా ఊరుకోలేకపోయాను. మా వైపు పిల్ల పప్పన్నం చెంచాతో తినదు.

గిన్నెలు తోమడానికి సాయం రమ్మని వంటింట్లోకి పిలిచాను. వచ్చింది గానీ నీళ్ళలో చెయ్యి పెట్టలేదు. చున్నీ కింద దాచుకున్న చేతిని నేనే లాగి చూశాను. బాత్రూములు కడిగే యాసిడ్‌కి అరచెయ్యి తోలు ఊడిపోయింది. వేళ్ళ సందుల్లో చీము పట్టింది.

“ఎప్పట్నించే ఇది?”

“అదేం లేదక్కా. తగ్గిపోద్దండి.”

“మీ మామాకి చూపించావా?”

“చూపించానండి అక్కా. పని ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. గ్లౌజులడిగితే అరిచారు.” అంతవరకూ చెప్పి చప్పున ఆగిపోయింది. “అయ్యో, ఇయ్యన్నీ చెప్పకూడదు కదక్కా. పెద్దక్క మీకు చెప్పారని ఇక్కడ అందరూ అనుకుంటుంటే విన్నాను. నేను కూడా నోటి ఉపవాసం ఉంటున్నానండి. మీలాగ.”

మీలాగ అన్న ఆ మాట తిన్నగా వచ్చి నాకు తగిలింది. నేను వాక్యం చెప్పే చోటు సంపాదించుకోవడానికి నోరు కట్టుకున్నాను. ఆ పిల్ల అదే పద్ధతిలో చెయ్యి కుళ్ళబెట్టుకుంటోంది. పైగా దానికి అందులో సంతోషం కూడా ఉంది, దేవుడికి ఏదో ఇస్తున్నానని. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద అని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో మామా పక్కన కూర్చున్నాను. చెబితే పెద్దక్కకు ఇచ్చిన మాట పోతుంది, దాంతో వాక్యం పని పోతుంది. తమ్ముడి ఇంటి మీద చాడీ చెప్పానని మామాకి కోపం వస్తే నా శుక్రవారాలు కూడా పోతాయి. ఇవన్నీ ఆలోచించాను. మంచి ఆలోచన కోసం ప్రార్థన చేద్దామనుకున్నాను గానీ, ఇందులో ప్రార్థన చేసి తెలుసుకోవాల్సింది ఏముంది అనిపించింది. నాకు వచ్చిన అరబ్బీ, హిందీ కలిపి, ఇల్లు వచ్చేలోపు చెప్పేశాను.

 ఇంటికి వెళ్ళాక మామా తలుపు వేసుకుని ఫోనులో గట్టిగా మాట్లాడింది. మర్నాడు తమ్ముడి ఇంటికి వెళ్ళి, ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళి, చేతికి కట్టు కట్టించి మా ఇంటికే తీసుకొచ్చింది. తగ్గేదాకా నా గదిలోనే పడుకోబెట్టుకున్నాను. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. తర్వాత ఆ పిల్లకు మామా తెలిసినవాళ్ళ ఇంట్లో పని చూసింది.

తమ్ముడి భార్య మాత్రం ఊరుకోలేదు. పనివాళ్ళు శుక్రవారం ఒకచోట చేరి ఇళ్ళ గుట్టు బయటపెట్టుకుంటున్నారని చుట్టాల్లో చెప్పింది. రెండు మూడు ఇళ్ళవాళ్ళు మావాళ్ళను కూటానికి పంపడం మానేశారు. పెద్దక్క భయపడింది ఇలాంటిదానికే అని అప్పుడు అర్థమైంది. ఆవిడ షరతు ఉత్త చాదస్తం కాదు.

పెద్దక్కకు అది చివరి శుక్రవారం. మిగతా ఇళ్ళవాళ్ళలోనూ కొందరు భయపడి మానేయడంతో వచ్చినవాళ్ళు సగమే ఉన్నారు. ఆవిడ అందరి ముందే అడిగింది.

“మాట తప్పినావంట గదా?”

“తప్పానండి అక్కా.”

“మళ్ళా ఇట్లాంటిది వస్తే?”

“మళ్ళీ తప్పుతానండి.”

 ఆవిడ ఇకనుంచి వాక్యం నర్సమ్మ చెబుతుందని ప్రకటించి, ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించింది. నేను ఆమెన్ అన్నాను.  నేను చేసింది సరైనదే అన్న నమ్మకం నాకుంది, కానీ ఆ నమ్మకం ఏడుపును ఆపలేదు. అందుకే భోజనాలు కాగానే అందరికంటే ముందు వంటింట్లోకి వెళ్ళి కుళాయి ధారగా విప్పాను.

కాసేపటికి పెద్దక్క వచ్చింది. ఒక గుడ్డ తీసుకుని, కడిగిన పళ్ళేలు తుడవడం మొదలుపెట్టింది. ఓదార్చడానికి వచ్చిందనుకుని నేను వెనక్కి తిరగలేదు.

“నేను మొదట పన్జేసిన ఇల్లు ఇబ్రాలో,” అంది.

ఆవిడ మస్కట్‌కు అంత దూరాన ఉన్న ఇబ్రా ఊళ్ళో పనిచేసినట్టు మాలో ఎవరికీ తెలియదు.

“ఆ ఇంటి మాట ఇంతవరకూ ఎవురికీ చెప్పలే పాపా. దేవునికి గూడా సగమే చెప్పినా. నోరు మూసుకోని ఉండేదే పరిశుద్ధత అనుకున్నా. అది భయమని ఇంతకాలం నాకు తెలీలే.” తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడుస్తోంది. “ఎవురికన్నా చెప్పాల.”

నేను కుళాయి కట్టేశాను.