ప్లైవుడ్ వద్దన్నాను

నా ఎడమ మణికట్టు అఫ్జల్‌గంజ్ బస్టాప్‌లో విరిగింది. కదులుతున్న బస్సు ఎక్కబోయి జారిపడ్డాను. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే ఎముక చక్కగానే అతుక్కుంది కానీ, వేళ్లు మునుపటిలా చాచుకోలేదు. ఆఫీసులో టైపు కొట్టడానికి పనికొచ్చాయి. గిటారుకు పనికిరాలేదు.

అప్పటికి పదేళ్లుగా మా చర్చి పాటల బృందంలో గిటారు వాయిస్తున్నాను. తొంభైల్లో బార్కస్ పక్కన మా బస్తీలో గిటారు పట్టిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, దానికి కూడా టికెట్ తీసుకొమ్మని కండక్టర్లు ఎకసెక్కాలాడేవాళ్లు. ఒక్కనాడూ తీసుకోలేదు.

చెయ్యి విరిగాక బృందం పెద్ద ఒక కీబోర్డు కొనుక్కొచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, మంచివాడే. నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"చెల్లె, నువ్వు ఇగ ఫికర్ చెయ్యకు. ముందట కూసొని చప్పట్లు కొట్టు. అందరికి తాళం అందుతది."

ఎంతో ప్రేమగా అన్నాడు. అందుకే ఎక్కువ మండింది. ఆ ఆదివారం చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాతి ఆదివారాలు కూడా.

యుకులేలే అనే బుల్లి గిటారును మొదట మా వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్లో చూశాను. డిపార్ట్‌మెంట్ పరీక్షకు ఫారం నింపడానికి వెళ్లాను. పక్క కంప్యూటర్లో ఒక కాలేజీ పిల్ల వీడియో చూస్తోంది. అందులో ఒక ముసలాయన చంటిబిడ్డంత వాయిద్యాన్ని రొమ్ముకు హత్తుకుని వాయిస్తున్నాడు. నాలుగే తీగలు, అవీ నైలాన్‌వి. సన్నటి మెడ. ఆయన వేళ్లు ఎక్కడా పెద్దగా చాచడం లేదు. నేను బల్ల అంచు మీద ఎడమచెయ్యి పెట్టి ఆయనతోపాటు కదిపి చూశాను. అందింది.

ఆ వారమే ఆబిడ్స్‌లో ఒక వాయిద్యాల దుకాణానికి వెళ్లాను. యజమాని కోస్తావైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. పై అరలోంచి ఆకుపచ్చ రంగేసిన యుకులేలే ఒకటి దించాడు.

"పిల్లలకా అండీ?"

"నాకే."

మీటితే ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టుంది. ప్లైవుడ్ కానిది, అచ్చంగా చెక్కతో చేసింది కావాలన్నాను. "అవి ఫారిన్ నుంచి రావాలండీ. మీరు కొనలేరు లెండి," అన్నాడు. నా చీర చూసి అన్నాడో, సంచి చూసి అన్నాడో తెలియదు. కొనే తీరుతానని ఆ మెట్లు దిగేలోపే అనుకున్నాను.

ఇంటర్నెట్లో పెద్ద కంపెనీల ధరలు చూస్తే ఆ దుకాణదారు చెప్పింది అబద్ధం కాదని తేలింది. అందుకని ఎవరూ పేరు వినని చిన్న చిన్న అమ్మకందార్లను వెతికాను. ఉత్తరాదిలో ఒకాయన పేజీ దొరికింది. మెరిసిపోయే ఫోటోలు, 'మొత్తం అసలు చెక్క' అని పెద్ద అక్షరాలు. నా జీతంలో మూడో వంతు ధర. డీడీ తీసి పంపించాను.

పార్సిల్ వచ్చిన రోజు దాన్ని ముందుగా మా బాపు చేతిలో పెట్టాను. బాపు ప్రభుత్వ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు వడ్రంగం చేసి రిటైరయ్యాడు. పైనంతా నిమిరాడు. మధ్యలో శబ్దం వచ్చే గుండ్రటి రంధ్రం అంచును గోటితో గీకాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"బిడ్డా, గిది ప్లైవుడ్. ఇగో, అంచుకు మూడు పొరలు కనవడ్తలేవా? పైన రంగు పూసి కప్పిండు."

నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "నేను చెక్కను చేత్తోని పట్టకుండ ఎన్నడు కొనలే. బొమ్మ చూసి ఎవలన్న కొంటరా?"

మర్నాడు అమ్మకందారుకు ఫోన్ చేశాను. సగం డబ్బు వెనక్కిస్తాను, సరుకు ఉంచేసుకొమ్మన్నాడు. వద్దన్నాను. నాకు చవకలో ప్లైవుడ్ అక్కర్లేదు, అసలు చెక్క అని రాసి ప్లైవుడ్ పంపడం తప్పు అని అతను ఒప్పుకోవాలి. రంధ్రం అంచును ఫోటో తీయించి, దానికి తోడు ఒక ఉత్తరం టైపు చేసి పంపాను. ఆ తర్వాత రోజూ భోజనాల వేళ, ఆఫీసు మెట్ల మీద నిలబడి ఫోన్ చేసేదాన్ని. నా హిందీ హైదరాబాద్ హిందీ, అతనికి నవ్వొచ్చేది. నవ్వనిచ్చాను. మూడోవారంలో నవ్వడం మానేసి, "మేడం, ఆప్ జీతీ," అన్నాడు, మీరే గెలిచారని. సరుకు తిప్పి పంపాను, డబ్బు పూర్తిగా వచ్చింది.

నేను మళ్లీ వెతకడానికి కూర్చుంటే ఇంటర్నెట్ సెంటర్ నడిపే భాయ్ తల పట్టుకున్నాడు. నన్ను ఆపా అనేవాడు, అంటే అక్కా అని.

"ఆపా, ఒక్కసారి మోసపోయిన్రు. ఇంక సాల్లేదా?"

"ఒకడు మోసం చేస్తే లోకమంతా మోసమా, భాయ్?"

ఈసారి కోల్‌కతాలో ఒక సందులో ఉన్న చిన్న వర్క్‌షాప్ కనబడింది. నాలుగే ఫోటోలు, అవీ మసకగా ఉన్నాయి. ఇంగ్లీషు నిండా తప్పులు. నేను ఇంటికెళ్లి బాపును అడిగాను, చేత్తో పట్టకుండా చెక్కను ఎట్లా పరీక్షించాలి అని. ముందు విసుక్కున్నాడు. అన్నం తిన్నాక తనే వచ్చి కూర్చుని ఒక్కొక్కటే చెప్పాడు. రంధ్రం అంచును దగ్గరగా ఫోటో తీసి పంపమను. వెనక పలక పైన ఉన్న చారలే లోపలి పక్క కూడా ఉన్నాయో లేదో చూపించమను. చెక్కను ఎన్నాళ్లు ఆరబెట్టాడో అడుగు. నేను అవన్నీ ఇంగ్లీషులో టైపు చేసి పంపాను.

ఆరు రోజులకు ఆ వర్క్‌షాప్ యజమాని నుంచి ఫోటోలతో జవాబొచ్చింది. ఇట్లాంటివి ఎవరూ అడగరు, సంతోషం అని రాశాడు. పాత ఇంటి తలుపు చెక్క, కాబట్టి ఆరబెట్టడం గురించి దిగులు వద్దు. ముందు పలక మీద ఒక నల్లమచ్చ ఉంది, అందుకే ధర తక్కువ. నచ్చకపోతే కొనకండి.

బాపును ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చోవడం అదే మొదలు. భాయ్ ఫోటోను తెరనిండా పెద్దది చేసి పెట్టాడు. బాపు ముందుకు వంగి, తెర మీదే వేలు పెట్టి ఒక చారను మెల్లగా వెంబడించాడు.

"చూడు, గీత తెగలే. అంచు మీదికెళ్లి సక్కగ లోపలికి పోయింది. చేవున్న చెక్క." వేలిని నల్లమచ్చ మీదికి జరిపి, "మచ్చ కూడ దాయలే గీ పిలగాడు. తీస్కో," అన్నాడు.

తీసుకున్నాను. పాతగుడ్డల్లో చుట్టి, రేకుపెట్టెలో పెట్టి పంపాడు. మొదటిసారి మీటగానే బాపు వంటింట్లో పోపు వేస్తున్న అమ్మను కేకేసి పిలిచాడు. చిన్నదైనా గొంతు నిండుగా ఉంది. మీటి వదిలాక కూడా చాలాసేపు నిలిచింది. నా వేళ్లు మూడు నెలలకు దారికొచ్చాయి.

ఆ తర్వాతి ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్లి రెండో వరుసలో కూర్చున్నాను. ఎవరినీ అడగలేదు. మొదటి పాటకే వాయించడం మొదలుపెట్టాను. బృందం పెద్ద కీబోర్డు శబ్దం పెంచాడు. నా వాయిద్యం నాకే వినబడలేదు. ఆపలేదు. ఆరాధన ముగిశాక అన్నాడు, "గిది ఆటవస్తువు, చెల్లె. దేవుని మందిరంల గిదేంది?"

"దేవునికి చెప్పున్రి అన్నా. ఆయన వద్దంటే ఆపుత."

ఆ మాట చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ వినబడింది. వాళ్లలో ఒకావిడ భర్త పక్షవాతంతో మంచంలో ఉన్నాడు, చర్చికి రాలేడు. గురువారం తమ ఇంటికి వచ్చి రెండు పాటలు వాయించమని అడిగింది. ఇరుకు గది. కీబోర్డు పట్టదు. నేను మంచం పట్టె మీద కూర్చుని వాయిస్తే, ఆయన నోరు తిరక్కపోయినా గొంతు కలిపాడు. మరుసటి గురువారం ఇంకో ఇల్లు. ఏడాది తిరిగేసరికి ప్రతి గురువారం మా బస్తీలో ఎవరో ఒకరింట్లో పాటల కూటం జరిగేది.

చివరికి బృందం పెద్ద మా ఇంటికే వచ్చాడు. మళ్లీ బృందంలో చేరమని, ప్రాక్టీసు గురువారాల్లోనే అని చెప్పాడు.

"గురువారం నాకు కుదరదన్నా. మీరే రాండ్రి," అన్నాను.

రెండు వారాలు రాలేదు. మూడో గురువారం కూటానికి వచ్చి, గడప దగ్గర చెప్పులు విడిచి, గోడవారగా కూర్చుని పాడాడు.