బస్సు డ్రైవర్ గ్లెనిస్, చన్నీళ్ళ సముద్రం

గ్లెనిస్ డిరీన్ ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. పిల్లల్ని ఈతకొలనుకి తీసుకెళ్ళిన ప్రతిసారీ గట్టు మీద కూచుని స్వెట్టర్ అల్లుకునేదే తప్ప, కాలి బొటనవేలు కూడా నీళ్ళలో పెట్టి ఎరగదు. షవర్ కింద నిలబడ్డా ముఖం మీద నీళ్ళు పడకుండా వెనక్కి వంగి స్నానం చేసే మనిషి. అలాంటావిడ యాభై ఎనిమిదో ఏట వీపుకి సిలిండర్ కట్టుకుని ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మేనియా దీవి దక్షిణపు కొసన, పళ్ళు జివ్వుమనే సముద్రంలో దిగేసరికి మా ఊళ్ళో వారం రోజులు ఇంకో మాట లేదు.

మా ఊరు డోవర్. నేనక్కడ మందుల షాపు పెట్టి చాలా ఏళ్ళయింది. నీళ్ళ కింద గ్లెనిస్‌కి జోడీని నేనే కాబట్టి, ఇందులో చాలామటుకు నా కళ్ళతో చూసిందే.

ఇదంతా బస్సు హీటరు దగ్గర మొదలైంది. ఒక జూలైలో, మాకది నడి చలికాలం, హోబార్ట్ నగరం నుంచి సర్వే జట్టు దిగింది. జీతం భత్యం లేని డైవర్లు. సెలవు దొరికితే చాలు, సముద్రం అడుగున రాళ్ళ మీద కొలత టేపు పరిచి, దాని వెంబడి ఈదుతూ ఏ చేపలెన్ని, ఏ నత్తలెన్ని అని ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకొస్తారు. వాళ్ళ వ్యాను చెడిపోతే సిలిండర్లు మోయడానికి గ్లెనిస్ బస్సు అడిగారు. ఆవిడ రేవులో బస్సు ఆపి, హీటరు పెట్టుకుని కూచుంది. కాసేపటికి వాళ్ళు పెదాలు నీలంగా, ముక్కులు కారుతూ బస్సెక్కారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే నవ్వులు. ఎవరో ఏదో పీతని చూశారట, దాన్ని తలుచుకుని ఒకటే నవ్వు.

గ్లెనిస్ అద్దంలోంచి వాళ్ళని చూసి అడిగింది. "మా ఆయన ఇరవయ్యేళ్ళు ఇదే సముద్రంలో అబలోన్ నత్తలు ఏరాడు. ఒక్కరోజు కూడా నవ్వుతూ ఇంటికి రాలేదు. మీకైతే ఎవరూ ఏమీ ఇవ్వరు. ఎందుకర్రా ఆ నవ్వు?"

జట్టుని నడిపే టామ్సిన్ సముద్ర జీవాల మీద చదువుకున్న మనిషి, పొడుగ్గా గడకర్రలా ఉంటుంది. "చెబితే తెలీదు గ్లెనిస్. నువ్వూ దిగు" అంది.

"నాకు షవరంటేనే భయం."

"అయితే మరీ మంచిది. దిగితే ముఖం ఒక్కసారే తడుస్తుంది."

ఆ మాట గ్లెనిస్ బుర్రలో తిష్ఠ వేసింది. ఆ తరవాత వచ్చిన వేసవిలోనే ఈతకొలను దగ్గర జారెడ్ ముందు నిలబడింది. డైవింగ్ నేర్పేది అతనే, సర్వే పడవ కూడా అతనిదే. చిన్నప్పుడు ఆవిడ బస్సులోనే బడికెళ్ళేవాడు. ఒకసారి ముందు సీటు మీదకి కోడిగుడ్డు విసిరినందుకు గ్లెనిస్ అతన్ని వానలో దింపేసి నడిపించింది.

"ముఖం నీళ్ళలో పెట్టు గ్లెనిస్" అన్నాడు జారెడ్.

"పెడతా. కాస్త ఆగు."

"ఎంతసేపూ? పెడతావా, కొలనులోంచి దింపేసి ఇంటిదాకా నడిపించనా?"

గ్లెనిస్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ముఖం ముంచేసింది. నోట్లోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరైంది కానీ, భయం అనుకున్నంత లేదని అప్పుడే తెలిసిందట.

సముద్రంలో మొదటిసారి మాత్రం వేరే గొడవ. మేం వేసుకునే డ్రై సూట్ లోపల ఒంటికి నీళ్ళు తగలవు, గాలి నిండి ఉంటుంది. ఆ గాలిని అదుపులో పెట్టుకోకపోతే ఎటు కావాలంటే అటు పోతుంది. గ్లెనిస్ సూట్‌లో గాలంతా పాదాల్లోకి చేరింది. నేను తిరిగి చూసేసరికి ఆవిడ కాళ్ళు పైకి, తల కిందికి, ఆరేసిన ప్యాంటులా వేలాడుతూ ఉంది. నేనూ టామ్సినూ పట్టుకుని తిప్పాం. పడవెక్కాక మాస్కు తీసి, "కిందేదో పైనేదో ముందే చెప్పొద్దూ?" అంది. ఆ రోజు గుమ్మడికాయ సూపు మూడు గిన్నెలు తాగింది.

ఆ తరవాత ఆవిడ ఏ సర్వేకీ రాకుండా లేదు. రాళ్ళ సందుల్లో నక్కే జీవాల లెక్క ఆవిడకి అప్పజెప్పాం. గ్లెనిస్‌కి చేపలన్నీ బస్సులో పిల్లలే. ఫలానా చేప వెనక సీటు రకం, ఎప్పుడూ ఎవరినో ఒకరిని గిల్లుతుంది. ఫలానాది డ్రైవరు పక్కనే కూచుని ఇంటి సంగతులన్నీ చెప్పే రకం. ఒకసారి ఆక్టోపస్ ఒకటి ఆవిడ టేపు కొస పట్టుకుని లాగింది. ఈవిడ వదల్లేదు, అదీ వదల్లేదు. చివరికి ఈవిడ దాని ముందు వేలు ఊపి గట్టిగా మందలించింది. నీళ్ళలో మాట బయటికి రాదు, బుడగలే వస్తాయి. అయినా అది వదిలేసింది.

ఇంట్లో ఆవిడ మొగుడు రాయ్స్‌కి మాత్రం ఇదేం నచ్చలేదు. ఏళ్ళ తరబడి లోతుల్లోంచి తొందరగా పైకొచ్చి పైకొచ్చి, ఒంట్లో గాలి బుడగలు కట్టే జబ్బు తెచ్చుకున్నాడు ఆయన. ఎడమ భుజం పూర్తిగా లేవదు, నడిస్తే కుంటు. డాక్టరు ఇక దిగొద్దన్న రోజు నుంచీ పడవ కూడా ఎక్కలేదు. రేవు వైపు పోవాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు. పెరట్లో షెడ్డు వేసుకుని ఊళ్ళోవాళ్ళ గడ్డి కోసే మిషన్లు బాగుచేసుకుంటూ ఉండేవాడు.

"మేం వణుకుతూ దిగితే జీతమిచ్చేవాళ్ళు" అనేవాడు గ్లెనిస్‌ని చూసి. "నువ్వు పెట్రోలు ఖర్చు పెట్టుకుని మరీ వణికొస్తున్నావు. మన ఇద్దరిలో తలకి దెబ్బ తగిలింది ఎవరికో నాకు అర్థం కావట్లేదు."

అలా అంటూనే ప్రతిసారీ ఒక ప్రశ్న వేసేవాడు, చేతిలో పనిలోంచి తల ఎత్తకుండా. "ఈసారి ఎటు?" ఆవిడ చోటు పేరు చెప్పేది. ఆయన "ఊఁ" అనేవాడు. అంతే.

ఒకసారి ఆవిడ చెప్పిన చోటు బ్లైండ్ బిల్లీ రాళ్ళు. రాయ్స్ తల ఎత్తాడు. ఆయన సంపాదనలో సగం ఆ రాళ్ళ మీదే. కెల్ప్ నాచు చెట్లంత ఎత్తున పెరిగి, పైన పరుచుకుని, పడవ ఇంజనుకి చుట్టుకునేదట. కిందికి దిగితే వెలుతురు ఆకుపచ్చగా, పలచగా దిగేదట. పెళ్ళయిన కొత్తలో ఆయన నవ్వుతూ చెప్పిన ఒకే ఒక్క కబురు అదేనని గ్లెనిస్ నాతో అంది. ఆ రోజు పడవలో ఆవిడ కుదురుగా కూచోలేదు.

దిగాం. నాచు లేదు. ఎంత దూరం చూసినా గీకి పెట్టిన పళ్ళెంలా బోడి రాయి, దాని నిండా నల్లటి ముళ్ళబంతులు. అర్చిన్లు అవి. నీళ్ళు వెచ్చబడుతున్నకొద్దీ ఉత్తరం నుంచి దిగొచ్చి నాచు మొదలంటా మేసేస్తాయి. గ్లెనిస్ టేపు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు ఏమీ రాయలేదు. నేను భుజం తట్టాక పెన్సిల్ తీసింది. ఆ రోజు ప్రతి రాయి కిందా వెతికింది.

పడవెక్కాక సూపు ముట్టుకోలేదు. "ఆయన అడుగుతాడు" అంది టామ్సిన్‌తో.

"ఏదో ఒకటి చెప్పి సరిపెట్టు."

"నలభై ఏళ్ళ కాపురం. సరిపెడితే పట్టేస్తాడు."

షెడ్డులో జరిగింది నాకు గ్లెనిస్ చెప్పిందే. రాయ్స్ మిషన్ బ్లేడు విప్పుతున్నాడు.

"కెల్ప్ ఎలా ఉంది? ఇంజనుకి చుట్టుకుందా?"

"లేదు."

"అయితే జారెడ్‌కి పడవ నడపడం వచ్చినట్టే."

"అది కాదు రాయ్స్. చుట్టుకోడానికి ఏమీ లేదు."

ఆయన బ్లేడు విప్పుతూనే ఉన్నాడు. "అబలోన్లు?"

"రెండు. చిన్నవి."

"నువ్వు సరిగ్గా చూసుండవు. కొత్తదానివి కదా."

గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది. "ప్రతి రాయి కిందా చూశాను. చూసి చూసి మెడ పట్టేసింది. ఉంటే ఉందని చెప్పడానికి నాకేం నొప్పి?"

రాయ్స్ బ్లేడు ఊడదీసి పక్కన పడేశాడు. ఆ నెలంతా ఉప్పందించు, తలుపెయ్యి తప్ప ఇంకో మాట లేదు ఆ ఇంట్లో. "ఈసారి ఎటు?" అన్న ప్రశ్న కూడా పోయింది. దానికే ఎక్కువ బాధపడింది ఆవిడ.

నవంబర్ ట్రిప్పు ముందు జారెడ్ తన కూతురు గెంతుకునే ట్రాంపొలీన్ మీద ఎగిరి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పడవ నడిపే మనిషి లేడు. టామ్సిన్ రాయ్స్‌కి ఫోన్ చేసింది. ఆయన కుదరదని పెట్టేశాడు. ట్రిప్పు మానుకుందామనే అనుకున్నాం. అయినా సామాను దించుకుందామని శనివారం పొద్దున రేవుకెళితే పడవ ఇంజను నడుస్తోంది. రాయ్స్ వంగి అందులోకి చూస్తున్నాడు.

"ఈ ఫిల్టరు ఎప్పుడైనా మార్చారా, లేక దేవుడి మీద భారం వేశారా?" అన్నాడు.

గ్లెనిస్ ఆయన్ని చూసింది. "నిద్ర లేచినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

బ్లైండ్ బిల్లీకి పోదామన్నాడు. టామ్సిన్ అక్కడ సర్వే అయిపోయిందంది. "బయటివైపు అయింది. లోపల ఒక సందుంది. ఎప్పుడూ అల కొట్టే చోటు. అంత కొట్టుడికి ఆ ముళ్ళవి నిలుస్తాయో నిలవవో నాకూ తెలీదు. పోయి చూడండి. లేకపోతే లేదు" అన్నాడు. ఆ ఆఖరి మాట అనేటప్పుడు నీళ్ళ వైపు చూళ్ళేదు.

గ్లెనిస్, నేను దిగాం. అల మమ్మల్ని ముందుకీ వెనక్కీ ఊపి ఊపి పెట్టింది. రాతి మలుపు తిరిగాక వెలుతురు రంగు మారింది. ముందు నాకు అర్థం కాలేదు. గ్లెనిస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కెల్ప్. సన్నటి పాయలా, సందు పొడుగునా, అలతో పాటు ఊగుతూ. దాని మొదట్లో నాచు రెమ్మ ఒకటి మాత్రం మిగతావాటితో పాటు ఊగకుండా తన పాటికి తాను పోతోంది. అది రెమ్మ కాదు, సీడ్రాగన్. సముద్రపు గుర్రానికి దగ్గర చుట్టం. మగది. తోక కింద గులాబి రంగు గుడ్లు అంటించుకుని మోస్తోంది. దాని జాతిలో పిల్లల్ని మోసే పని తండ్రిదే.

గ్లెనిస్ పైకి తేలి, నోట్లో గొట్టం తీసి, పడవ అంచు పట్టుకుంది. "ఉంది" అంది.

రాయ్స్ పడవ అంచు మీదకి వంగాడు. "ఎంత?"

"మన హాలు కొస నుంచి పక్కింటి కంచె దాకా."

"కంచె ఇవతలికా, అవతలికా?"

"అవతలికే. వాళ్ళ కుక్క ఉంటుందే, అక్కడి దాకా."

ఆయన తిరిగి ఇంజను వైపు వంగాడు. దానికేం జబ్బు లేదు, చక్కగా నడుస్తోంది. అయినా చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. గ్లెనిస్ నిచ్చెన ఎక్కి, కారుతున్న సూట్‌తోనే వెళ్ళి ఆయన వీపుకి ఆనుకుని నిలబడింది. తడుస్తున్నానని ఆయన అన్లేదు.

ఇప్పుడు పడవ రాయ్స్‌ది అన్నట్టే. జారెడ్ మణికట్టు అతుక్కున్నా చక్రం తిరిగి ఇవ్వలేదు. గ్లెనిస్ బస్సు మానేసింది. అనుమతి తెచ్చుకుని ఆ సందు అంచున అర్చిన్లని సుత్తులతో కొట్టి ఏరుతున్నాం. నాచు పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు.

క్రితం నెల టామ్సిన్ చేపలు పట్టేవాళ్ళు వాడే చిన్న కెమెరా ఒకటి పట్టుకొచ్చింది. పొడుగాటి తీగకి కట్టి నీళ్ళలోకి వదిలితే పడవలో తెర మీద కింది బొమ్మ కనిపిస్తుంది. రాయ్స్ తెర మీద వెలుతురు పడకుండా కోటు తల మీద కప్పుకుని తెర ముందు కూచున్నాడు. నేను ఆ రోజు జలుబు చేసి పడవలోనే ఉండిపోయాను. గ్లెనిస్, టామ్సిన్ కింద టేపు పరుస్తుంటే ఆయన ఒకటే అరుపు. "ఎడం పక్కకి. ఎడమే. ఆ రాయి వెనకాల చూడవే. అయ్యో, దాటేసింది."

"వాళ్ళకి వినపడదు రాయ్స్" అన్నాను.

"నాకు తెలుసు" అని మళ్ళీ అందుకున్నాడు.

గ్లెనిస్ పైకొచ్చి, సూపు గిన్నె చేతిలోకి తీసుకుని, "ఎలా కనపడింది?" అని అడిగింది.

"నువ్వు కాళ్ళు మరీ ఎక్కువ ఆడిస్తున్నావు. మట్టి లేచి ఏమీ కనపడలేదు" అన్నాడు రాయ్స్. కోటు తీసేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గ్లెనిస్ చూసి కూడా చూడనట్టే సూపు ఊదుకుంటూ, ఈసారి మెల్లిగా ఆడిస్తానంది.