చెల్లెలి ఇంట్లో పీతల పులుసు

కువైట్‌లో నేను పనిచేసిన ఇంట్లో పదిమందికి వండి పెట్టేదాన్ని. నా కోసం ఎవరైనా ఏదైనా తీసి ఉంచడమనేది ఆ దేశం వెళ్లాక మరిచేపోయాను. మామాకు, అంటే ఆ ఇంటి యజమానురాలికి, బుద్ధి పుడితే నెలకో శుక్రవారం సెలవు దొరికేది. దొరికిందే చాలని మిర్కాబ్‌లో ఉండే మా పిన్ని కూతురి ఇంటికి పరిగెత్తేదాన్ని. చెల్లెలు నర్సు. మరిది సబ్హాన్‌లో గోడౌన్ బండి నడిపేవాడు. వాళ్లకు రెండో తరగతి చదివే కూతురు. ఆ గుమ్మం దాటాకే నేనూ ఒక మనిషినన్న సంగతి గుర్తొచ్చేది. అది కాక ఆ దేశంలో నాకు వెళ్లడానికి మరో ఇల్లు లేదు.

ఆ శుక్రవారం నేను వెళ్లేసరికి వాళ్లు చర్చికి వెళ్లిపోయారు. తాళంచెవి ఒకటి నా దగ్గరే ఉండేది, ఆ సంగతి మాతోటి పనివాళ్లకు గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. లోపలికెళ్లి, వాళ్లొచ్చేలోగా ఏం కూర చేద్దామా అని చూస్తుంటే వంటగది పక్కన గాజు తొట్టె కనిపించింది. అంతకుముందు అందులో బంగారు చేపలుండేవి, అవి చచ్చిపోయాయని చెల్లెలు ఫోనులో చెప్పింది. ఇప్పుడు రెండు పీతలున్నాయి. మామా ఇంట్లో గుబ్‌గుబ్ అంటారే, ఆ నీలం డెక్కల సముద్రపు పీతలు. అడుగున ఇసుక, ఒక రాయి, విరిగిన పైపు ముక్క, బుడబుడమని గాలి కొట్టే చిన్న మోటారు.

మా ఊళ్లో పీతలు దొరికితే కుండలో వేసి మూత పెట్టి, వండే పూటదాకా బతికించి ఉంచుతాం. ఇక్కడ కుండకు బదులు గాజు తొట్టె, చదువుకున్నవాళ్లు కదా, మోటారు కూడా పెట్టారు అనుకున్నాను. పోయిన నెల అన్నాల దగ్గర, పీతల పులుసు తిని ఎన్నేళ్లయిందో అని అన్నది నేనే. ఆ మాట గుర్తుపెట్టుకుని చెల్లెలు నా కోసం తెప్పించి ఉంచిందని తోచగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తొట్టెలో ఒక బొమ్మ కుర్చీ ఉంది. పిల్ల ఆడుకుంటూ పడేసిందనుకుని తీసి, కడిగి, కిటికీలో ఆరబెట్టాను. అంత తెలివిగలదాన్ని.

ఒక పీత పెంకు మెత్తగా తగిలింది. ఈమధ్యే పాత పెంకు విడిచినట్టుంది, కండ తక్కువుంటుందిలే అనుకున్నాను. డెక్కలు విరిచి, శుభ్రం చేసి, ఉల్లిపాయ ముద్ద దండిగా వేసి పులుసు పెట్టాను. అది ఉడుకుతున్నంతసేపూ పాట పాడుకుంటూనే ఉన్నాను.

వాళ్లొచ్చారు. పిల్ల చెప్పులైనా విడవకుండా తొట్టె దగ్గరికి పరిగెత్తి ఆగిపోయింది. మరిది పొయ్యి వంక చూశాడు. చెల్లెలు నా ముఖం చూసింది. అది ఎంత వెలిగిపోతూ ఉండి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం చచ్చిపోతుంది. చెల్లెలు చటుక్కున పిల్లను పడకగదిలోకి తీసుకెళ్లి తలుపేసింది. బట్టలు మారుస్తోందనుకున్నాను. మరిది ఏదో అనబోయి మంచినీళ్లు తాగాడు.

చెల్లెలు బయటికి రాగానే నేనే అడిగాను, నా కోసమే కదూ అని.

"నీ కోసమే అక్కా. తినాలనుందన్నావు కదా, మీ మరిది ఒడ్డుకెళ్లి పట్టుకొచ్చేరు."

ఆ ఇంట్లో భోజనం ముందు ప్రార్థన చేసేది పిల్లే. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్లమ్మ దేనికో కోప్పడి ఉంటుందనుకున్నాను. అందరం కళ్లు మూసుకున్నాం. రోజూ చెప్పే మాటలు గడగడా అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ భోజనం దీవించు. అమ్మ డ్యూటీ దీవించు, నాన్న డ్యూటీ దీవించు. నా పీతలు రెండిటినీ..."

అక్కడ ఆగిపోయింది. చెల్లెలు గబుక్కున ఆమెన్ అనేసింది.

కళ్లు తెరిచాను. ఎవరూ నా వైపు చూడడం లేదు. ఆ కుర్చీ ఎందుకో, ఆ పైపు ముక్క ఎందుకో అప్పుడర్థమైంది. వారం వారం డబ్బాల్లో సముద్రపు నీళ్లు మోసుకొచ్చేవాళ్లమని, పిల్ల రొయ్య ముక్కలు పెట్టేదని, ఒకటి పెంకు విడుస్తుంటే బడి మాని పక్కనే కూర్చుందని తర్వాతెప్పుడో మరిది చెప్పాడు. చంపినందుకు సిగ్గు ఉండనే ఉంది. అంతకు మించిన సిగ్గు ఇంకొకటి. నా కోసం దాచారని అంత ఇదిగా ఎలా నమ్మేశాను? నోరు తెరిచి అడిగి మరీ చెల్లెలి చేత అబద్ధమాడించాను. ఏడవాల్సిన పిల్లను ఏడవకుండా చేశాను.

లేచి వెళ్లిపోదామనిపించింది. లేస్తే మళ్లీ ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కేది? కూర్చున్నాను. చెల్లెలు పెద్ద డెక్కలు ఏరి నా కంచంలో వేసింది. పిల్లకు పెరుగన్నం కలిపింది.

"బాగుందా పెద్దమ్మా?" అంది పిల్ల. వెటకారం కాదు, దానికింకా ఆ వయసు రాలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

పులుసు చాలా బాగా కుదిరింది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా ఆ రుచి నాకు తెలుస్తూనే ఉంది. బాగుందమ్మా అన్నాను.

పిల్ల కూర గిన్నెను రెండు చేతులతో నా వైపు జరిపింది.

"అయితే పారెయ్యకుండా మొత్తం తినెయ్యి."

గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.