హలీమా చదివిన దయ్యాల కథలు

బందరు చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ గాజులకు రాళ్ళు అతికే హలీమాకు దయ్యాలంటే చచ్చేంత భయం. అయినా దయ్యాల కథలు తప్ప ఇంకేవీ చదివేది కాదు. బందరు గ్రంథాలయం చూసుకునే కాంతారావు గారు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన పాత కథల పుస్తకాలు ఆమె కోసం పక్కన పెట్టేవారు. అవి చదివినన్నాళ్ళూ పెరట్లోకి వెళ్ళాలన్నా భర్త సలాంను తోడు పిలిచేది.

"అంత భయమైతే చదవడమెందుకు?" అనేవాడు సలాం.

"చదవకపోతే తర్వాతేమైందో తెలీదుగా."

సలాం చెప్పులేసుకుని వెంట నడిచేవాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక తోటి పనివాళ్ళకు చదివి వినిపించేది. ఒక కథలో పాతకోటలో ఎవరూ లేని గదిలోంచి ఏడుపు వినిపించింది.

"అన్ని గదులెందుకు కట్టుకున్నారక్కా? మనలా ఒక్కటే ఉంటే దయ్యానికి చోటే ఉండేది కాదు" అంది రత్నకుమారి.

హలీమా నవ్వలేదు. అది నిజమేననిపించి కాస్త ధైర్యం తెచ్చుకుంది.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. హలీమా చెల్లెలు జహీదాను దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊళ్ళో ఇచ్చారు. దారులు తెరిచాక హలీమా, సలాం వెళ్ళారు. ఇల్లున్న చోట ఇసుక మేట వేసి ఉంది. జహీదా భర్త మజీద్ తాటిచెట్టు పట్టుకుని బతికాడు.

"చెయ్యి పట్టుకునే ఉన్నానొదినా. నీళ్ళు లాగేసినయ్" అన్నాడు.

జహీదా దొరకలేదు. హలీమా మజీద్‌కి అన్నం పెట్టించి, బందరు తిరిగొచ్చి పనిలో కూర్చుంది. పుస్తకం ముట్టలేదు.

ఎండాకాలంలో మళ్ళీ గ్రంథాలయానికి వెళితే కాంతారావు గారు ఒక కుటుంబ కథ నవల తీసిచ్చారు.

"ఇది చదవమ్మా. మనసు తేలికపడుతుంది."

"నాకు అవే కావాలండీ."

ఆయన నవల పక్కన పెట్టి దయ్యాల కథల పుస్తకం తీసిచ్చారు.

అందులో మొదటి కథలో, ఏట్లో మునిగిపోయిన కొత్తకోడలు ఏడాది తర్వాత తడిబట్టలతో ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుంటుంది. ఇంటిల్లిపాదీ కేకలు పెట్టి పారిపోతారు. కథ అంతే. వింటున్నవాళ్ళు బిగుసుకుపోయారు. హలీమా పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

"తుడుచుకోడానికో గుడ్డ ఇచ్చేవాళ్ళే లేరా ఆ ఇంట్లో?" అంది.

"రాసినాయనకి తట్టుండదక్కా" అంది రత్నకుమారి మెల్లగా.

"అంతదూరం నడిచొచ్చింది పిల్ల."

ఉప్పెన తర్వాత హలీమా ఏడవడం వాళ్ళు చూసింది అదే మొదలు. రత్నకుమారి ఆమె ముందున్న గాజులు తనవైపు లాక్కుని రాళ్ళు అతకడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కూడా హలీమా దయ్యాల కథలే చదివింది. వచ్చినవాళ్ళెవరో, ఎందుకొచ్చారో ఎవరూ అడగని కథలను మాత్రం మధ్యలోనే వదిలేసేది.