పెట్టె ఒంటి వేడి

మాట్లాడే పెట్టె అబద్ధమాడుతోందని రుజువు చేయడం మరిది సాధించిన మొదటి విజయం. దానికి ఒక చలికాలమంతా పట్టింది. ఎక్కడికి వెళ్లినా జేబులోంచి గాజు థర్మామీటరు తీసి, గోడ మీదా బల్ల మీదా ఉన్న యంత్రాలన్నిటినీ అనుమానించడం అతని జబ్బు. వీధి వీధంతా అతన్ని ‘పాదరసం’ అనేది.

ఆ పెట్టె వదిన గదిలోది. పాటలు పాడుతుంది, గది వేడి కనిపెట్టి హీటరు వేస్తుంది. అన్న పోయిన ఏడాది, గది వెచ్చగానే ఉందంటూ అది హీటరు ఊసే ఎత్తలేదు. వదిన శాలువా కప్పుకుని వణుకుతూ కూర్చునేది. షాపువాళ్లు పెట్టెలో లోపం లేదని మరిదిని తరిమేశారు. అతను పట్టు వదలలేదు. పెట్టెను పాడించి ఒకసారి, నోరు మూయించి ఒకసారి, పక్కన థర్మామీటరు పెట్టి చూశాడు.

“వదినా, ఇది చెప్పేది గది వేడి కాదు, దాని ఒంటి వేడి. పనిచేసి పనిచేసి లోపల కాగిపోతోంది. కొలిచే ముక్కేమో ఆ కడుపులోనే ఉంది.”

“పోనీలే, దానికైనా వెచ్చగా ఉంది,” అంది వదిన. అన్న పోయాక ఆమె నోట వచ్చిన మొదటి వేళాకోళం అదే.

అది చెప్పే లెక్కలో ఎప్పటికీ మూడు డిగ్రీలు తగ్గేలా ఫోన్లో మార్చి పెట్టెకు బుద్ధి చెప్పాడు. ఆ తర్వాతి ఘనకార్యాలు చెప్పడం మొదలుపెడితే వదిన గుక్క తిప్పుకోదు. బ్యాంకులో వెచ్చటి టీవీ నెత్తిన కూర్చుని గది వేడి కొలిచే యంత్రాన్ని మేనేజరు చేతే దింపించాడు. గుండె చూపించుకోవడానికి వెళ్లి, డాక్టరు గోడకున్న యంత్రానికి జ్వరమని తేల్చి వచ్చాడు. అతని గుండె సంగతి మాత్రం డాక్టరే తేల్చాడు. ఆపరేషన్ తప్పదన్నాడు.

ఊరంతా తిరిగినా, సాయంత్రానికి వదిన పెట్టెను చూసి తీరాల్సిందే. దాన్ని నమ్మడానికి లేదనేవాడు. చూశాక కాఫీ తాగి, కూరగాయల ధరలను తిట్టి, గదిలో లైటు వేసి వెళ్లేవాడు. పెళ్లీ పెటాకులూ లేనివాడికి ఈ చాదస్తం ఒకటి తోడని ఆమె విసుక్కునేది.

అతను ఆసుపత్రిలో చేరాక ఇంట్లో మాట వినిపించడం ఆగిపోయింది. ఆపరేషన్ అయింది గానీ, మనిషి ముద్ద ముట్టడం లేదనీ, గోడకేసి తిరిగి పడుకుంటున్నాడనీ నర్సు ఫోన్లో చెప్పింది.

ఆ సాయంత్రం తోచక, అతను వదిలి వెళ్లిన థర్మామీటరును వదినే పెట్టె పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే చెప్పాయి. మర్నాడూ అంతే. వారమంతా అంతే. పెట్టె ఏనాడో బాగుపడింది. మరి ఇన్నాళ్లూ అతను వచ్చి చూసిపోతున్నది ఎవరినో ఆమెకు అప్పుడు తెలిసింది.

చాలాసేపు చీకట్లోనే కూర్చుంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని, అతను తగ్గించిన మూడు డిగ్రీలనూ ఫోన్లో వెతికి పట్టుకుని తీసిపారేసింది. ఆసుపత్రికి ఫోన్ చేసింది.

“ఏమయ్యా, పెట్టె మళ్లీ మొదలుపెట్టింది.”

అవతల మంచం కిర్రుమంది. “ఎంత ఎక్కువ చెబుతోంది?”

“మూడు. అడిగితే బుకాయిస్తోంది.”

“ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు వదినా. నేను వచ్చి చూస్తాను.”

ఆ పూట గంజి తాగాడని నర్సు చెప్పింది. మర్నాడు లేచి కూర్చుని, ఇంటికి ఎప్పుడు పంపుతారంటూ డాక్టరు ప్రాణం తీశాడట. ఈ నెల ఇరవై ఆరున, గురువారం పంపుతామన్నారు.