కళ్ళజోడూ, పుల్లద్దమూ

ఆ రోజుల్లోనే ఈ సంగతి ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు రావు. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు. పేరు మాత్రం ముగ్గు వేసినట్టు గీసేదాన్ని. దాన్నే అందరూ సంతకం అనుకునేవాళ్ళు. ఎవరైనా కాగితం చేతికిస్తే "కళ్ళజోడు మరిచిపోయానండీ" అనేదాన్ని. రోజూ మరిచిపోవడమేమిటని ఎవరో అడిగేసరికి, నరసరావుపేట బజారులో సాదా అద్దాల జోడు ఒకటి కొని మెడలో వేలాడేసుకున్నాను. అప్పట్నుంచి "పవరు మారిందండీ" అనడం మొదలైంది. (నా చూపు ఎలాంటిదంటే, బస్సు వినుకొండ రోడ్డు మలుపు తిరగ్గానే దాని బోర్డు రంగు చెప్పేదాన్ని. బోర్డు మీద ఏం రాసుందో మాత్రం అడక్కూడదు.)

ఊరి బయట విమానాల రిపేరు నేర్పే కాలేజీ ఒకటి ఉండేది. అందులో పనిముట్ల గది బాధ్యత నాది. షెడ్డులో ఎగరడం మానేసిన పాత విమానం, గోడకి పెద్ద నల్ల బోర్డు. ఆ బోర్డు మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారమే పసుపు రంగుతో గీసి ఉండేది. స్పానరు తీస్తే దాని బొమ్మ మిగిలేది. సాయంత్రం ఒక్క చూపుతో ఏది రాలేదో చెప్పేసేదాన్ని. ఏ ఒక్కటి రాకపోయినా ఎవరూ ఇంటికి పోకూడదు, ఇంజిన్ తిప్పకూడదు. లోపల మరిచిపోయిన చిన్న స్క్రూడ్రైవరు కూడా విమానాన్ని కూల్చగలదట. ఈ మాట చెప్పింది మాచర్ల నుంచి వచ్చిన పెద్ద మెకానిక్. ఆయన్ని కాలేజీ మొత్తం బాబాయ్ అనేది.

ఒక మే నెలలో, మెకానిక్‌లకీ పిల్లలకీ తమను తాము మేనేజ్ చేసుకోవడం నేర్పడానికి పట్నం నుంచి ఒకాయన మూడు రోజుల క్లాసుకు దిగాడు. పల్నాడు ఎండలో కోటు విప్పని మనిషి కాబట్టి కోటు సారు అనే అందాం. జీవితమంతా ఇంజిన్ల కింద పడుకుని పని చేసిన బాబాయికి సమయపాలన గురించి చెప్పాడు, తాను గంట ఆలస్యంగా వచ్చి. తర్వాత నా బోర్డు చూసి మొహం చిట్లించాడు.

"ఏమిటీ బొమ్మలు? ఇది అంగన్‌వాడీయా? ప్రొఫెషనల్‌గా ఉండాలండీ!"

ప్రిన్సిపాల్ మురిసిపోయి సరేనన్నాడు. మధ్యాహ్నానికల్లా పనిముట్లన్నీ సొరుగుల్లో పడ్డాయి, ఏ సొరుగులో ఏముండాలో పైన ఇంగ్లీషు చీటీలు వెలిశాయి. "ఏమ్మా, నీకు వీలుగా ఉందా?" అని ప్రిన్సిపాల్ అడిగాడు. నేను దర్జాగా కళ్ళజోడు పెట్టుకుని, చీటీలన్నీ పరకాయించి, "చానా బాగుంది సార్" అన్నాను. ఆ సాయంత్రం ప్రతి సొరుగూ తెరిచి, చీటీ మీద వేలు ఆడించి, తలాడించి, అన్నీ వచ్చాయని రిజిస్టరులో నా ముగ్గు వేసేశాను.

మర్నాడు ఇంజిన్ తిప్పే ముందు బాబాయ్ సొరుగులు చూశాడు. "పుల్లద్దం ఏదమ్మా?"

ఇంజిన్ సందుల్లోకి తొంగిచూడటానికి పొడుగాటి పుల్లకు బిగించిన గుండ్రటి బుల్లి అద్దం అది. లేదు. ప్రిన్సిపాల్ నా సంతకం మీద వేలు పెట్టి, "ఇవాళ దొరక్కపోతే రేపట్నుంచి రావద్దు" అన్నాడు. మా ఇల్లు నడిచేది ఆ జీతంతోనే.

విమానం కిందా పైనా వెతికాం. కోటు సారు మాత్రం ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని, "బాధ్యత! తప్పు చేసినవాళ్ళు ధైర్యంగా ఒప్పుకోవాలి!" అని ఉచితంగా ఇంకో క్లాసు పీకాడు.

"ఒరేయ్, అందరూ జేబులు ఖాళీ జెయ్యండి" అన్నాడు బాబాయ్. పిల్లలు చేశారు. "సార్, తమరు గూడా."

"నేనా? నేను ట్రైనర్ని!"

"కోటుకి జేబులున్నయ్ గదా సార్."

లోపలి జేబులోంచి దువ్వెన వచ్చింది. దాని వెనకే పుల్లద్దం. నిన్న తల దువ్వుకోవడానికి తీసుకెళ్ళాడు మహానుభావుడు.

"ఇది... రేపటి ఆత్మపరిశీలన క్లాసు కోసం..."

పిల్లల నవ్వుకి షెడ్డు రేకులు అదిరాయి. బాబాయ్ నవ్వలేదు. నా వంక తిరిగాడు. "ఆయన సంగతి సరే. నువ్వు చూడకుండా సంతకం ఎట్టా పెట్టావే అమ్మాయ్?"

పవరు మారిందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నాకు చదువు రాదు బాబాయ్."

ప్రిన్సిపాల్ నోరు తెరవబోతే బాబాయ్ అడ్డుపడ్డాడు. "పనిముట్లు బోర్డు మీదున్నన్నాళ్ళూ ఈమె చేతిలో ఒక్క నట్టు పోలేదు సార్. బోర్డు ఖాళీ జేయించింది ఈమె గాదు." తర్వాత నాతో, "ఏంది, రాదని చెప్పడానికి అంత నామోషీనా? రోజుకో చీటీ నేర్చుకో. టీ టయానికి రా" అన్నాడు.

నా మొదటి పుస్తకం ఆ సొరుగుల చీటీలే. తెలుగు ఆ తర్వాత నేర్చుకున్నాను. కోటు సారు చివర్లో అందరికీ పంచిన సర్టిఫికెట్ మొన్న పెట్టెలో దొరికితే చదివాను. నాలో నాయకత్వం వికసించిందని ఉంది. పాపం, నాకు తెలియనే లేదు. ఇప్పుడు నిజంగానే చూపు మందగించి, పవరున్న జోడు పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆ సాదా జోడు పెట్టుకుని దర్జా ఒలకబోసిన మనిషి గుర్తొస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

పుల్లద్దం దొరికిన మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, పనిముట్లన్నీ మళ్ళీ బోర్డుకి తగిలించాను. ఒక మూల ఖాళీ ఉంటే, పసుపు రంగుతో కళ్ళజోడు ఆకారం గీసి, నా జోడు మెడలోంచి తీసి అక్కడ వేలాడేశాను.

"ఇదేం టూలు అక్కా?" అన్నారు పిల్లలు.

"తెలియనిది తెలిసినట్టు చూసే టూలురా. సంతకం పెట్టకుండా ఎవరికీ ఇవ్వను" అన్నాను.