తాతకాయలు

మిరపకాయలు కళ్లంలో ఎండాక, ఎర్రవాటిలోంచి తెల్లగా పాలిపోయినవి ఏరి వేరే కుప్ప పొయ్యాలి. వాటిని మా వైపు తాలుకాయలంటారు. మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు ఆ మాట సరిగా వినపడలేదు. చేతిలోని కాయనీ మా మామగారి తెల్లజుట్టునీ మార్చి మార్చి చూసి, "ఇవి తాతకాయలా అమ్మా?" అంది.

కళ్లమంతా ఒకటే నవ్వు. మామగారు అలిగినట్టు, "అయితే నన్ను కూడా ఏరి పక్కన పడేస్తావటే?" అన్నారు.

"నువ్వు నా కుప్పలో ఉండు తాతా" అంది.

ఆ రోజు నుంచి కూలికొచ్చే ఆడవాళ్లందరికీ అవి తాతకాయలే. తను కూడా వాళ్ల మధ్య చేరి ఏరేది. కారం చేత్తో కళ్లు నులుముకుని గోల పెట్టేది, కాస్త సద్దుకోగానే మళ్లీ వచ్చి కూర్చునేది. చెప్తే వినే రకం కాదు, నా పోలికే.

ఏడో ఏట జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

ఆ ఏడాది కూడా మిరప బాగా కాసింది. కళ్లంలో అందరూ జాగ్రత్తగా "తాలు, తాలు" అంటున్నారు. ఎవరి నోటైనా పాత మాట సగం వస్తే, పక్కామె మోచేత్తో పొడిచేది. పుండు మీద కారం చల్లకూడదని వాళ్ల ఉద్దేశం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. పిల్ల ఎలాగూ పోయింది, దాని మాటను కూడా పాతిపెట్టాలా? అనండే అని అడగలేకపోయాను. నా నోటికి ఊరంతా జడుస్తుంది, అక్కడ మాత్రం తల వంచుకుని కాయలు ఏరుకునేదాన్ని. మామగారు కూడా పోయాక ఇంట్లోనూ ఆ మాట వినపడలేదు. అది ఇక నాతోనే పోతుందని బెంగ పట్టుకుంది. ఆరేళ్లు అలాగే గడిచాయి.

మొన్న వేసవిలో పొరుగూరి నుంచి కొత్తగా ఒకామె కూలికొచ్చింది. మా పిల్లని ఎరగదు. చెంగు నిండా తెల్లకాయలు పోసుకొచ్చి, "అక్కా, ఈ తాతకాయలు ఎక్కడ పొయ్యమంటావు?" అంది.

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆ మాట ఎక్కడ నేర్చావు?" అన్నాను.

"మా ఊళ్లో అందరూ అట్టాగే అంటారుగా! మీవాళ్లు మా కళ్లాలకొచ్చినప్పుడు నేర్పారంట. ఏం, తప్పా?"

మావాళ్లు తలెత్తలేదు. నా ముందు మింగిన మాటను వీళ్లు ఊరూరా అంటూనే ఉన్నారు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"తప్పేం కాదమ్మా," అన్నాను. "ఇటు తీసుకురా. తాతకాయలు నా కుప్పలో పొయ్యి."